నకలుకు రంగులద్దితే సొంతమవుతుందా?

సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో మెట్రో దిగి పైకి వచ్చి తలెత్తితే, ఎర్రటి జల్లెడ తొడుక్కున్నట్టుండే 27 అంతస్తుల హోటల్ కనిపిస్తుంది. దాని ఒళ్లంతా తీగలే. నాలుగడుగులు వేస్తే నీల్ రోడ్, డక్స్‌టన్ రోడ్‌ల వెంట పాతకాలపు షాప్‌హౌస్‌ల వరుసలు. వాటికి దగ్గర్లోనే 50 అంతస్తుల ప్రభుత్వ ఫ్లాట్లు. అన్నీ ఒకే పేటలో ఉన్నా దేని తీరు దానిదే.

ఇక మన ఇళ్లలో వేడుకలు చూడండి. గృహప్రవేశమైనా, సీమంతమైనా అదే ప్లాస్టిక్ పచ్చిక గోడ, అవే తామరలూ ఆవులూ ఉన్న తెర, అదే ఇత్తడి ఉరుళి. ఫొటో సింగపూర్‌దో, డాలస్‌దో, మెల్‌బోర్న్‌దో చెప్పడం కష్టం. ఖర్చుకు వెనకాడకపోయినా, శ్రద్ధ పెట్టినా మన ముద్ర ఎందుకు కనిపించడం లేదు? కారణం కొన్ని మామూలు పొరపాట్లే. ఇల్లు సర్దుకునేవారికీ, అలంకరణను చిన్న వ్యాపారంగా చేసుకున్నవారికీ, డిజైన్ల గురించి నలుగురితో పంచుకునేవారికీ ఇవి వర్తిస్తాయి.

రూపం తెచ్చుకుని కారణం వదిలేయడం

పైన చెప్పిన హోటల్ ఒయేషియా డౌన్‌టౌన్. సింగపూర్ సంస్థ వోహా దీన్ని రూపొందించింది. 2016లో తెరిచారు. ఆ ఎర్రటి అల్యూమినియం వల మీద 21 రకాల తీగలు పాకుతాయి. ఎండ నేరుగా గోడకు తగలకుండా అవి అడ్డుకుంటాయి. మధ్యలో తెరిచి వదిలిన తోటల గుండా గాలి ఆడుతుంది. ఏడాది పొడవునా ఉక్కపోసే ఊరికి అది జవాబు. ఎరుపు రంగు, వల మాత్రమే తీసుకెళ్లి చలిదేశంలో పెడితే పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే.

ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. ఏ విల్లా ఫొటోనో చూపించి, హెచ్‌డీబీ ఫ్లాట్‌లో అలాగే కావాలంటాం. అక్కడ నిర్మాణానికి ఆధారమైన గోడలు కొట్టకూడదు. హౌస్‌హోల్డ్ షెల్టర్ గోడలు, తలుపు జోలికి వెళ్లకూడదు. కొత్త ఫ్లాట్ అయితే మొదటి మూడేళ్లు స్నానాల గది పలకలు తీయనివ్వరు. చివరికి సగం నకలు, సగం సర్దుబాటు మిగులుతాయి. ముందు మన గది కొలతలు, వెలుతురు, పూజ చేసుకునే వేళ, పిల్లలు చదువుకునే చోటు చూసుకుంటే డిజైన్ అక్కడి నుంచే మొదలవుతుంది.

అందరూ చూసేదే చూడడం

ఫోన్‌లో ఒక బొమ్మ నచ్చిందంటే అలాంటివే వంద వస్తాయి. పక్కింటివారికీ అవే. అందరి ముడిసరుకూ ఒకటే అయినప్పుడు వంట వేరుగా ఎలా ఉంటుంది? దీనికి మందు కాలినడక. డక్స్‌టన్ చుట్టుపక్కల అరగంట తిరిగితే చాలు. షాప్‌హౌస్ కిటికీలు, నడవలు, నేల పలకలు ఎన్ని రకాలో తెలుస్తుంది. తంజోంగ్ పగార్‌ను 1989లో పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు కాబట్టే ఇవి నిలిచాయి.

ఆ ముఖద్వారాలను పరిశీలిస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. మలయా పద్ధతి చెక్క నగిషీలు, యూరప్ తరహా స్తంభాలు, చైనా శిల్పుల పింగాణీ పనితనం ఒకే గోడ మీద కలిశాయి. అన్నీ అరువే. అయినా వాటిని ఎవరూ నకలు అనరు. స్థలానికీ, వానకూ, వ్యాపారానికీ తగ్గట్టు కలిపి, కొత్తది చేశారు. 1932లో తెరిచిన తంజోంగ్ పగార్ రైల్వే స్టేషన్‌దీ అదే కథ. కట్టడం యూరప్ ధోరణిలో ఉంటుంది. లోపలి గోడల మీది చిత్రాల్లో మాత్రం వరినాట్లు, రబ్బరు తోటలు, తగరం గనులు కనిపిస్తాయి.

అన్నిటికీ ఒకే ‘ఎత్నిక్’ చీటీ

తామరల తెర రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా పిచ్వాయి నుంచి వచ్చింది. ఉరుళి కేరళది. రెండూ అందమైనవే, వాడుకోవచ్చు. అవే ‘మన సంప్రదాయం’ అని పిల్లలకు చెబితే చిక్కు. ఏటికొప్పాక లక్క బొమ్మలు, కొండపల్లి కొయ్య బొమ్మలు, నిర్మల్ చిత్రాలు, చేర్యాల నకాషీ పటాలు, వాకిట్లో ముగ్గు, గడపకు పసుపు కుంకుమ... మన దగ్గర ఇంత ఉండగా, పిల్లలకు తెలుగుదనమంటే అద్దెకు తెచ్చే తెర అని మిగిలితే అది పెద్ద నష్టం.

చేసినవారి పేరు మింగేయడం

‘ఇంటర్నెట్ నుంచి’ అని రాస్తే చేసినవారి పేరు చెప్పినట్టు కాదు. సింగపూర్‌లో 2021 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న కాపీరైట్ చట్టం, తమ కృతిని బహిరంగంగా వాడినప్పుడు పేరు చెప్పించుకునే హక్కును సృష్టికర్తలకు ఇచ్చింది. వ్యాపారం చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. వేరేవారు చేసిన పని ఫొటోను మన పనిగా చూపితే, ఆర్డరు వచ్చిన రోజున ఆ స్థాయిలో చేసి చూపలేక ఇబ్బంది పడేదీ మనమే.

చవక నకలు కొనడం

ఈ పొరపాటుకు మూల్యం మన ఊళ్లలో చెల్లిస్తారు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, బట్టకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఆ నమూనాను యంత్రంతో అచ్చేస్తే వెనక వైపు వెలిసినట్టుంటుంది. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో, పెడనలో చెక్క అచ్చులతో చేసే కలంకారీకి కరక్కాయ, బెల్లం, ఇనుము వంటివి వాడి రోజుల తరబడి శ్రమిస్తారు. స్క్రీన్ ప్రింట్ గంటల్లో తయారవుతుంది. కర్టెన్లకో, వేదిక అలంకరణకో నకలు కొన్న ప్రతిసారీ ఆ నేతగాడికో, కలంకారీ కళాకారుడికో ఒక రోజు పని పోతుంది. కొనేముందు బట్ట తిరగేసి చూడండి. చేసినవారెవరో అడగండి.

మూడు ప్రశ్నలు

ఏదైనా నచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది ఎవరిది? అక్కడ ఎందుకలా చేశారు? నా ఇంటికి ఇందులో ఏం మార్చాలి? మూడో ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఫొటో దాచుకుని ఊరుకోవడం మేలు. దొరికితే అది మీ డిజైనే. వచ్చే ఉగాదికి తెర అద్దెకు తెచ్చే ముందు, పిల్లల చేతికి ముగ్గుపిండి ఇచ్చి చూడండి. గీత వంకర పోవచ్చు, చుక్కలు తప్పవచ్చు. అలాంటి ముగ్గు ఇంకే ఇంటి ఫొటోలోనూ ఉండదు.