బాతు చేప కాదు, కాని ఈదుతుంది!

పక్షులలో చేప ఉంటుందా? ఉండదు. పక్షులలో ఈదేది ఉంటుందా? ఉంటుంది, బాతు! ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా తడుముకోకుండా చెప్పే జవాబులివి. ఇవే ప్రశ్నలను జావా అనే కంప్యూటర్ భాషలో వేసి చూడండి. మొదటిదానికి వెంటనే "కుదరదు" అని అడ్డం పడుతుంది. రెండోదానికి ఏమీ అనకుండా ఊరుకుంటుంది. కొత్తగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవారికి ఇది విడ్డూరంగా ఉంటుంది. ఒకచోట అంత గట్టి తనిఖీ, ఇంకొకచోట అసలు తనిఖీయే లేకపోవడం ఏమిటి?

జావాను 1995లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించింది. దాని రూపశిల్పి జేమ్స్ గోస్లింగ్. ఈ భాషలో వస్తువులను వర్గాలుగా విడదీస్తారు. వర్గానికి క్లాస్ అని పేరు. 'పక్షి' ఒక క్లాస్ అనుకోండి. 'బాతు', 'పిచ్చుక' దాని పిల్ల క్లాసులు. తల్లి లక్షణాలు పిల్లలకు సంక్రమిస్తాయి. కాని ఒక కట్టుబాటు ఉంది: ఏ క్లాసుకూ నేరుగా ఇద్దరు తల్లులు ఉండరాదు. సి++ భాషలో ఉండవచ్చు. అప్పుడు ఇద్దరు తల్లుల దగ్గరా ఒకే పేరుగల పని ఉంటే, పిల్ల ఎవరిది తీసుకోవాలన్న చిక్కు వస్తుంది. ఆ తలనొప్పి జావాకు వద్దనుకున్నారు.

మరి ఈత మాటేమిటి? బాతూ ఈదుతుంది, చేపా ఈదుతుంది. రెండూ ఒక తల్లి పిల్లలు కావు. ఇందుకోసం ఉన్నదే ఇంటర్‌ఫేస్. అది ఒక హామీపత్రం లాంటిది. 'ఈదేది' అనే ఇంటర్‌ఫేస్‌ను స్వీకరించిన క్లాస్ "నాకు ఈత వచ్చు" అని రాసి ఇచ్చినట్లు. తల్లి ఒక్కతే అయినా హామీలు ఎన్నయినా ఇవ్వవచ్చు. (అన్నట్టు, జావాలో ఈ పేర్లను తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. ఎందుకో మనవాళ్ళు ఎవరూ రాయరు!)

ఇక అసలు సంగతి. మన వంటింట్లో డబ్బాల మీద చీటీలు ఉంటాయి. చీటీ మీద 'పప్పు' అని మాత్రమే ఉంటే లోపల కందిపప్పు ఉందో పెసరపప్పు ఉందో మూత తీస్తేగాని తెలియదు. ప్రోగ్రామును నడపడానికి ముందే చదివి తప్పులు పట్టే కంపైలర్‌కు మూత తీసే వీలు లేదు. అది చీటీ చూసే తీర్పు చెప్పాలి.

డబ్బా మీద 'పక్షి' అని ఉంది. దీన్ని 'చేప'గా వాడుకుంటానని మీరు రాశారు. కంపైలర్ ఇలా ఆలోచిస్తుంది: లోపలిది పక్షీ, చేపా రెండూ కావాలంటే దానికి ఇద్దరు తల్లులు ఉండాలి. జావాలో అది అసంభవం. కనుక ఒప్పుకోదు. ఇప్పుడు అదే డబ్బాను 'ఈదేది'గా వాడుకుంటానన్నారు. పక్షి క్లాస్ అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. నిజమే, కాని దాని పిల్ల ఇచ్చి ఉండవచ్చు. ఆ పిల్ల క్లాసును ఇంకా ఎవరూ రాయకపోయినా రేపు రాయవచ్చు! అసంభవమని చెప్పలేదు కనుక ఊరుకుంటుంది.

అంటే రెండుచోట్లా అది వేసుకున్న ప్రశ్న ఒకటే: "ఇది ఎప్పటికైనా సాధ్యమా?" తనిఖీలో పొంతన లేదనడం నా దృష్టిలో సరికాదు. అయితే ఊరుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. తనిఖీ ప్రోగ్రాము నడిచేటప్పటికి వాయిదా పడిందన్నమాట. అప్పుడు మూత తీస్తే లోపల పిచ్చుక ఉందనుకోండి, 'క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్' అనే దోషం పుడుతుంది. దాన్ని పట్టుకునే ఏర్పాటు లేకపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది. తప్పు మన బల్ల దగ్గరే బయటపడితే దిద్దుకుంటాం. టిక్కెట్ల కౌంటర్లో బయటపడితే క్యూలో నిలబడ్డవాళ్ళు మనల్ని తిట్టుకుంటారు. అందుకే జాగ్రత్తపరులు ముందు 'ఇన్‌స్టాన్స్‌ఆఫ్' అనే మాటతో "నువ్వు ఈదేదానివేనా?" అని అడిగి, అవునంటేనే ముందుకు వెళతారు.

కంపైలర్ నోరు విప్పించే ఉపాయం కూడా ఉంది. పక్షి క్లాసుకు ముందు 'ఫైనల్' అని చేర్చితే దానికిక పిల్లలు ఉండరు. అప్పుడు 'ఈదేది'గా మార్చబోతే వెంటనే అడ్డుకుంటుంది. కాని మనకు బాతు కావాలే! ఈ ఇబ్బందికి 2021లో వచ్చిన జావా 17లో 'సీల్డ్' క్లాసులు స్థిరపడ్డాయి. నా పిల్లలు వీరే, వేరెవరూ లేరని తల్లి జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో పిచ్చుక, కాకి మాత్రమే ఉండి, రెండూ ఫైనల్ అయి, రెండిటికీ ఈత రాకపోతే కంపైలర్ మూత తీయకుండానే "కుదరదు" అంటుంది. జాబితాలోకి ఈత వచ్చిన బాతు చేరిందా, మళ్ళీ మౌనమే.

మరి చీటీ మీద 'ఈదేది' అని ఉన్న డబ్బాను 'పక్షి'గా మార్చమంటే? పక్షి మామూలు క్లాసే అయితే కంపైలర్ ఈసారి కూడా మాట్లాడదు, లోపల చేప తోక ఆడిస్తున్నా సరే.