ఒక కాంతి నోటుకు ఎంత చిల్లర?

మీథేన్ కంటికి కనిపించదు. కానీ 3.3 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. గ్యాస్ పైపులైను మీదుగా ఆ కాంతిని పంపి, ఎంత తగ్గిందో కొలిస్తే లీకు ఎక్కడుందో దొరుకుతుంది. ఒక్కో వాయువు పీల్చుకునే తరంగదైర్ఘ్యం వేరు. అందుకే రేడియోలో స్టేషను మార్చినట్టు తరంగదైర్ఘ్యం మార్చుకోగల లేజర్ కావాలి.

అలాంటి వాటిలో ముఖ్యమైనది ఆప్టికల్ పారామెట్రిక్ ఆసిలేటర్. 1965లో బెల్ ల్యాబ్స్‌లో జియోర్డ్‌మైన్, మిల్లర్ లిథియం నయోబేట్ స్ఫటికంతో దీన్ని మొదటిసారి పనిచేయించారు. ఇప్పుడు సాధారణంగా 1.064 మైక్రాన్ల లేజర్‌ను స్ఫటికంలోకి పంపుతారు. అక్కడ ఒక ఫోటాన్ రెండుగా విడిపోతుంది. స్ఫటికం వేడిని మారిస్తే ఆ రెండింటి వాటాలు మారతాయి.

చిక్కంతా ఆ వాటాల్లోనే ఉంది. లోపలికి వెళ్లే ఫోటాన్‌ను 100 రూపాయల నోటు అనుకోండి. 3.3 మైక్రాన్ల ఫోటాన్ విలువ 32 రూపాయలే. మిగతా 68 రూపాయలు 1.57 మైక్రాన్ల కాంతిగా పోతాయి, మన పనికి అది అక్కరలేదు. స్ఫటికం ఎంత మేలైనదైనా సరే, 10 వాట్ల కాంతి పోస్తే 3.2 వాట్లకు మించి రాదు. తప్పు తయారీదారుది కాదు, శక్తి లెక్కే అంత.

ఆ 3.2 దాకా చేరడమూ తేలిక కాదు. మూడు తరంగాలూ అడుగులో అడుగు వేసి నడవాలి. స్ఫటికంలో ఒక్కో తరంగదైర్ఘ్యానిది ఒక్కో వేగం, అందువల్ల అడుగు తప్పుతుంది. తప్పిన చోట చిల్లర మళ్లీ నోటైపోతుంది. అలాంటి చోటల్లా స్ఫటికం దిశను తిప్పేయాలని 1962లోనే హార్వర్డ్‌లో బ్లోంబర్గెన్ బృందం సూచించింది. సుమారు 30 మైక్రాన్లకు, అంటే వెంట్రుక మందంకన్నా తక్కువ దూరానికి, ఒకసారి పునరావృతమయ్యే చారలుగా అలా తిప్పే నేర్పు 1990లలో గాని చేతికి రాలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఆ 68 రూపాయల సంగతి. రెండో స్ఫటికం పెట్టి దాన్నీ విడగొడితే మరో 32, ఇంకో 36 వస్తాయి. ఒకే నోటుకు రెండు 32లు! పరిమితి 64 శాతానికి చేరుతుంది. పైగా 1.57 కాంతి అక్కడికక్కడే ఖర్చవుతుంది కనుక చిల్లర తిరిగి నోటయ్యే బెడదా తగ్గుతుంది.

ఇకపై ఇలాంటి లేజర్ సామర్థ్యం 25 శాతమని ఎక్కడైనా చదివితే తక్కువని తీసిపారేయకండి. లోపలికి పంపిన కాంతి తరంగదైర్ఘ్యాన్ని బయటికొచ్చిన దానితో భాగించి, మామూలు పరిమితి ఎంతో ముందు చూడండి.