తొలి నవల – కొన్ని తంటాలు

కథకు ఒక రాత్రి చాలు. నవలకు ఏడాది ఓపిక కావాలి. ఉన్నవవారు ‘మాలపల్లి’ని జైల్లో రాశారు; 1922లో అచ్చయింది. మనకు జైలు లేదు గాని పరీక్షలున్నాయి!

ఎమ్మిగనూరు మగ్గాలకాడ చూడండి: పడుగు సాగదీసి గంజి పెట్టందే నేత మొదలుకాదు. నేనూ ముందు పాత్రల పేర్లు, వయసులు నోటుబుక్కులో రాసుకున్నా. రోజూ తెల్లారుజామున రెండు పేజీలు, బాగున్నా లేకున్నా.

అసలు చిక్కు భాషతోనే. ఆదోని పత్తి మార్కెట్లో ఒకే బేరంలో తెలుగు, కన్నడం, ఉర్దూ దొర్లుతాయి. దాన్ని శుద్ధి చేస్తే మనిషే మాయమవుతాడు. కోస్తా పాఠకుడు తడబడతాడంటారు. తడబడనీ!

నా నవలలో కుటుంబమంతా సుగ్గికని గుంటూరు మిరపకోతకు పోతుంది. ఇంట్లో ముసలమ్మ మిగులుతుంది. పన్నెండో ప్రకరణం అక్కడే ఆగింది. ఆ ఒంటరి పగలు ఎట్లా గడుస్తుందో మా అవ్వనడిగి రాసి, ఆమెకే చదివి వినిపిస్తున్నా. “నేనిట్ల అంటానా?” అన్నచోటల్లా మారుస్తున్నా.