కల్పితలోకములకు శబ్దశాసనము

కవిని సృష్టికర్తతోఁ బోల్చుట మన యాలంకారికులకుఁ బరిపాటి. కాని, యా సృష్టికర్త తాను నిర్మించిన లోకము చెదరిపోకుండ నే కట్టుబాటుతో నిలుపుకొనునో వారు విశేషించి చెప్పలేదు. ఈ ప్రశ్నకు సమాధానము సాహిత్యశాస్త్రమునఁ గంటె వ్యాకరణశాస్త్రమునందే యెక్కువగా లభించునని నా యభిప్రాయము. నేఁడు దీనిని విచారించుటకు నొక క్రొత్త క్రీడ కారణమైనది.

1974వ సంవత్సరమున అమెరికా దేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను క్రీడను వెలువరించిరి. ఒక బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒకఁడు సూత్రధారుఁడు, తక్కినవారు యోధుఁడో, మాంత్రికుఁడో, చోరుఁడో యగుచు నొక్కొక్క పాత్రను ధరింతురు. వ్రాసియుంచిన సంభాషణలు లేవు. ఎవఁ డేమి చేయఁదలఁచునో నోటితోఁ జెప్పును. ఫలము సందిగ్ధమైనచోట నిరువదిముఖముల పాచిక తీర్పు చెప్పును. మన వైకుంఠపాళిలోఁ బాములు, నిచ్చెనలు ముందే గీయఁబడి యుండును. ఇందుఁ బటమునకు మాఱుగా సూత్రధారుఁ డొక లోకమునే సిద్ధపఱచుకొని రావలెను: కొండలు, నదులు, రాజ్యములు, దేవతలు, మంత్రశక్తికి మేరలు. కావ్యకర్త తాను చెప్పఁదలఁచిన దానిని మాత్రము చెప్పి తక్కినది మఱుఁగుపఱుపవచ్చును. ఈ సూత్రధారునకా సౌకర్యము లేదు. "ఈ మంత్రము నీటిలోఁ బాఱునా?" అని యాడువాఁ డడిగిన వెంటనే బదులు చెప్పవలెను. ఆ బదులు నిన్నటి బదులుతో విరోధింపరాదు. కావున నతనికిఁ గావలసినది వర్ణన కాదు, శాసనము.

ఇట్టి శాసనము తెలుఁగున నెట్లుండునో చూడఁగోరువారు దూరము పోనక్కఱలేదు. బందరులోఁ బెరిగిన పింగళి నాగేంద్రరావు (1901–1971) గారు రచించిన 'మాయాబజార్' చలనచిత్రమును జూచినఁ జాలును. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావా రిది 1957లో నిర్మించిరి. బలరామపుత్రియగు శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు, జనశ్రుతిలోఁ బెరిగినది. మూలము లేనిచోట రచయితకు స్వేచ్ఛ యెక్కువ, స్వేచ్ఛ యెక్కువైనచోట బాధ్యతయు నెక్కువ. పండితులు చలనచిత్రములను జర్చింపరాదనువా రీ పుటను దాఁటిపోవచ్చును.

అందు ఘటోత్కచుని పరివారమువారు సంయుక్తాక్షరములను బలుకలేరు. 'అస్మదీయులు' అనుమాట శిష్యుని నోట 'అసమదీయు' లగును. దానికిఁ బ్రతిపక్షముగా వాఁడు 'తసమదీయులు' అను మాటను దానే పుట్టించును. ప్రేక్షకులు నవ్వుదురు. వైయాకరణుఁడు నవ్వి, పిదప నాలోచింపవలెను. అస్మచ్ఛబ్దము త్యదాదులలోనిది, త్యదాదులకు వృద్ధసంజ్ఞ కలదు గనుక ఛప్రత్యయము వచ్చి, దానికి ఈయాదేశమై 'అస్మదీయ' యగును. తచ్ఛబ్దమునుండి 'తదీయ' యే రావలెను గాని 'తస్మదీయ' రాదు. కనుక శిష్యుని మాట పాణినీయమునకు దోషమే. కాని దోషము విచ్చలవిడి దోషము కాదు. 'రత్నము' రతనమైనట్లు, 'యత్నము' జతనమైనట్లు, సంయుక్తము నడుమ నచ్చు చొరఁగా 'అస్మదీయ' అసమదీయ యైనది. ఇది మన తద్భవములు నడచిన బాటయే. ఇఁక 'తసమదీయ'లోని మొదటి యక్షరము 'తద్' అను సర్వనామమును స్ఫురింపఁజేయుటచేఁ జెవికి 'అవతలివాఁడు' అను నర్థము తోఁచును. అసురలోకమున కిది యొక ప్రాకృతము. దాని సూత్రములను రచయిత యెక్కడను వ్రాయలేదు. వానికి లోఁబడి మాత్రము వ్రాసెను.

'గింబళి', 'గిల్పము' అను మాటలు దీనికంటెను రమ్యములు. 'పులి గిలి', 'పాము గీము' అని మనము నిత్యము పలుకుదుము. మొదటి యక్షరము హ్రస్వమైన 'గి', దీర్ఘమైన 'గీ' వచ్చును. ఆ రెండవమాటకు 'అట్టివి' యను ఛాయయే తప్ప వేఱర్థము లేదు. కంబళికి గింబళి, తల్పమునకు గిల్పము ఈ నియమమునకు లేశమును దప్పలేదు. అయితే మన వాడుకలో నర్థము లేని యా మాటలకు మాయాలోకమున వస్తువులే యేర్పడినవి: మగపెండ్లివారిని ముప్పుతిప్పలు పెట్టు కంబళి గింబళి, అట్టి శయ్య గిల్పము. శబ్దము ముందు పుట్టి వస్తువు దాని వెంట వచ్చినది. ఇంగ్లండున ప్రాచీనాంగ్లభాషాచార్యుఁడగు టోల్కీన్ ముందు భాషలను గల్పించి, వానిని మాటలాడు జనమునకై లోకమును నిర్మించెను; ఈ క్రీడకారు లతనికి మిక్కిలి ఋణపడినవారు. ఆయన చేసిన పనికిఁ బుస్తకము లవసరమైనవి. మన గింబళికి రెండు నిమిషములు చాలినవి.

మఱియొక మాట 'వీరతాడు', ఘటోత్కచుఁడు మెచ్చినవానికి వేయించు బిరుదు. వీర యనునది తత్సమము, తాడు తెలుఁగు. సంస్కృతము ముందు, తెలుఁగు వెనుక వచ్చిన మిశ్రసమాసము, నిర్దుష్టము. ఒకప్పుడు నాయొద్దఁ జదివిన యువకుఁ డొకఁడు తన క్రీడకొఱకు వ్రాసికొన్న లోకమును నాకుఁ జూపెను. మంచి యూహలు గలవు. పేరులు మాత్రము పరదేశపు భూతములకుఁ దగిలించిన చీటీలవలె నుండెను. ఒక పురము 'మంచుపురి', దాని రాజు 'కత్తిపాణి', రెండును వైరిసమాసములు. దిద్దఁబోయి యాఁగితిని. ఆ రాజ్యమువా రందఱు నట్లే సమాసములు చేయుదురని యతఁడు నిర్ణయించుకొన్నచో నవి దోషములు గావు, దేశభాష యగును. ఒక పేరు వైరిసమాసమై, ప్రక్కయూరి పేరు శుద్ధసంస్కృతమై, మూఁడవది యాంగ్లమైనచో మాత్రము లోకము లేదు, సంత గలదు. పాఠశాలలలోని పండితు లిట్టి వ్రాఁతలను ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేయుటకు ముందీ భేదమును విద్యార్థులకుఁ జూపవలెను. మాటలు పుట్టింప నుత్సహించు పిల్లవానిఁ దఱిమివేసినచో నతఁ డింగ్లీషున లోకములను గట్టుకొనును. మనకు మిగులునది చీటీలే.

శబ్దమైన పిదప మాయకు మేర. పాణిని సూత్రములలో సంజ్ఞ, పరిభాష, విధి, నియమము, అతిదేశము, అధికారము అని భేదములు గలవు. వీనిలో నతిదేశమే మాయకుఁ బ్రాణము. స్థానియొక్క చోటికి వచ్చిన యాదేశము స్థానివలెనే వ్యవహరించును, వర్ణము నాశ్రయించిన విధులలోఁ దప్ప. ఘటోత్కచుఁడు శశిరేఖ చోటికి వచ్చిన యాదేశము. బంధువులు, వరుఁడు, పురోహితులు అందఱును శశిరేఖయనియే వ్యవహరింతురు. పెండ్లిపీటలమీఁద వరుని కాలు ద్రొక్కునప్పుడు మాత్రము ఆ పాదము ఘటోత్కచునిదే. రూపము మాఱినది, బలము మాఱలేదు. ఈ మేర లేనిచో హాస్యమును లేదు, కథయు లేదు. సత్యపీఠ మట్లు గాదు. దానిపై నిలిచినవాఁడు నిజమే చెప్పవలెను, శకునికైనను నపవాదము లేదు. అపవాదము లేని విధిని లోకమునం దొకటి రెండు చోట్లనే యుంచవలెను. సూత్రధారులు మఱచుచున్న దిదియే: ప్రతి యాయుధము నజేయమనిన, రెండజేయములు తాఁకినచోఁ బాచిక యేమి తీర్చును? తుల్యబలము గల రెండు విధులు తాఁకినచో వెనుకటిది గెలుచునని పాణిని ముందే తీర్చియుంచెను.

ఇఁక స్థలము. కృష్ణామండలపు యువకులు మంచుకొండలను గల్పించుకొననేల? నందన కరవు (1832–33) తరువాత, 1855లో నింద్రకీలాద్రికిని సీతానగరపుఁ గొండకును నడుమ ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానమునఁ బ్రకాశం బ్యారేజి వచ్చినది. అంతకుఁ బూర్వమే జనులీ కొండలకు శాసనము కల్పించుకొనిరి. నదికిఁ గొండ దారి యీయలేదఁట. నది బెజ్జము చేసికొని పోయినదఁట. అందువలన బెజ్జవాడ యఁట. వ్యుత్పత్తి నిలుచునో లేదో యటుండనిండు. దీనికిఁ దోడుగా నొక మేరయుఁ గలదు: కృష్ణనీరు కనకదుర్గ ముక్కుపుడక నందుకొన్ననాఁడు కలియుగము ముగియును. నదికి బలమిచ్చిన కథయే దానికిఁ గొలమానమును నిచ్చినది. బల్లచుట్టు కూర్చున్నవారు మొదట నడుగునది, వరదనాఁడు నీరెంతవఱకు వచ్చినది, ముక్కుపుడకకు నింక నెన్ని మూరలున్నవి యనియే.