ఊరి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి క్యాబ్: యాప్‌లో ‘షెడ్యూల్డ్’ అని ఉంటే బండి వచ్చేసినట్టేనా?

ఇంట్లో ఒక్కడైనా టెక్ పిచ్చోడు ఉంటే ఫ్లైట్ టికెట్ నుంచి క్యాబ్ దాకా అన్ని బుకింగ్స్ వాడి నెత్తిన పడతాయి. మా ఇంట్లో ఆ ఒక్కడిని నేనే. మాది త్రిపురారం. మిర్యాలగూడకీ హాలియాకీ మధ్యలో, సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే ఊరు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి అటూ ఇటూగా 150 కిలోమీటర్లు.

తమ్ముడికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. దోహా మీదుగా, తెల్లవారుజామున ఫ్లైట్. “క్యాబ్ సంగతి నేను చూసుకుంటా” అని అందరి ముందూ చెప్పేశాను. హాలియాలో బండి నడిపే అన్నకి ఫోన్ చేస్తానని నాయిన అంటే, “ఈ కాలంలో ఫోన్ చేసి బేరాలేంది నాయినా, యాప్‌లో రెండు నిమిషాల పని” అన్నాను. ఆ మాట ఎంత ఖరీదు పడేదో ఆ రోజు సాయంత్రం తెలిసింది.

అసలేం జరిగింది?

రెండు రోజుల ముందే ఒక పేరున్న యాప్‌లో అవుట్‌స్టేషన్ రైడ్ బుక్ చేశాను. ఏ యాప్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పికప్ త్రిపురారం, సాయంత్రం 7 గంటలు. స్క్రీన్ మీద పచ్చ టిక్కుతో ‘రైడ్ షెడ్యూల్డ్’ అని వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పెట్టాను.

ఆ రోజు 6 గంటలకి చూస్తే డ్రైవర్ పేరు లేదు. 6:20కి కూడా లేదు. 6:40కి ఒక పేరు, బండి నంబర్ కనిపించాయి. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్ మోగింది.

“సార్, పికప్ త్రిపురారమా? నేను నల్గొండలో ఉన్నా. అక్కడిదాకా ఖాళీగా రావాలె. గిట్టుబాటు కాదు సార్.”

ఎక్కువ ఇస్తానన్నాను. సరే అని పెట్టేశాడు. రెండు నిమిషాల్లో రైడ్ క్యాన్సిల్ అయింది. యాప్ మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఆ గుండ్రటి యానిమేషన్ తిరుగుతూనే ఉంది. వాకిట్లో రెండు 23 కిలోల సూట్‌కేసులు. అమ్మ తమ్ముడికి పెరుగన్నం తినిపిస్తూ నా వంకే చూస్తోంది.

“బండి దొరికిందా లేదా? ఆ ఫోన్ల చూసుడు బంద్ చేసి నోటితోని చెప్పు” అన్నాడు నాయిన.

తప్పు ఎక్కడ?

యాప్‌ని తిట్టుకున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పు సగం నాదే. ‘షెడ్యూల్డ్’ అన్న మాటని నేను తప్పుగా చదివాను. చాలా యాప్‌లలో దాని అర్థం ‘మీ రిక్వెస్ట్ మా దగ్గర ఉంది, టైం దగ్గర పడ్డాక డ్రైవర్‌ని వెతుకుతాం’ అని మాత్రమే. బండి ఖాయమైందని కాదు.

హైదరాబాద్‌లో ఈ తేడా మనకి తెలియదు. మాదాపూర్‌లో ఒక డ్రైవర్ క్యాన్సిల్ చేస్తే సందు చివర ఇంకొకరు ఉంటారు. ఈ యాప్‌లు నడిచేదే దగ్గర్లో ఉన్న బండ్ల సంఖ్య మీద. త్రిపురారం చుట్టుపక్కల లాగిన్ అయి ఉన్న క్యాబ్‌లు ఒకటో రెండో, ఒక్కోసారి సున్నా. ఎంత మంచి అల్గారిథమ్ అయినా లేని బండిని పుట్టించలేదు కదా. పైగా నల్గొండ నుంచి మా ఊరికి ఖాళీగా వచ్చే దూరానికి డబ్బులు ఎవరిస్తారు? యాప్ చూపించిన వన్‌వే రేటులో అది లేకపోతే డ్రైవర్ క్యాన్సిల్ చేయడంలో ఆశ్చర్యం ఏముంది?

మరి రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 2025 జులైలో కేంద్రం విడుదల చేసిన మోటార్ వెహికల్ అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం, సరైన కారణం లేకుండా రైడ్ క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం జరిమానా. అదీ 100 రూపాయలు మించకూడదు. వీటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. సిటీలో ఆఫీసుకి లేటైతే ఆ వంద సరిపోతుందేమో. అంతర్జాతీయ ఫ్లైట్ మిస్ అయితే? చాలా ఎయిర్‌లైన్స్ మూడు గంటల ముందు రమ్మంటాయి, బయల్దేరడానికి గంట ముందు కౌంటర్ మూసేస్తాయి. ఆ రిస్క్ మొత్తం మనదే.

వైట్ బోర్డ్ బండి ఎందుకు వద్దన్నాను?

7 దాటాక పక్కింటాయన తెలిసినవాళ్ల కారు ఒకటి పంపించాడు. ఏడు సీట్ల బండి, చూడటానికి నీట్‌గా ఉంది. కిరాయికే తిప్పుతారట. కానీ నంబర్ ప్లేట్ తెల్లది. అందరూ సామాన్లు ఎక్కించబోయారు.

ఈ ఒక్క విషయంలో మాత్రం నా టెక్ పిచ్చి పనికొచ్చింది. ఎంపరివాహన్ యాప్ తీసి బండి నంబర్ కొట్టాను. కేంద్ర రవాణా శాఖ వాహన్ డేటాబేస్ నుంచి వివరాలు చూపించే సర్కారీ యాప్ ఇది. వెహికల్ క్లాస్ దగ్గర ‘మోటార్ కార్’ అని ఉంది. ట్యాక్సీ అయితే ‘మోటార్ క్యాబ్’ అని ఉండాలి. అంటే అది సొంత వాడకం బండి.

తేడా ఏంటంటే, మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం కిరాయికి తిప్పే బండికి పర్మిట్ ఉండాలి. ప్రైవేట్ కారు ఇన్సూరెన్స్ పాలసీలో కిరాయికి వాడితే వర్తించదన్న షరతు ఉంటుంది. అర్ధరాత్రి హైవే మీద జరగరానిది జరిగితే క్లెయిమ్ దగ్గర మొదటి గొడవ అదే. బండిలో మా ఇంటిల్లిపాదీ ఉంటాం. వద్దన్నాను. పక్కింటాయన మొహం మాడిపోయింది. నాయిన నాతో మాట్లాడలేదు. హాలియా అన్నకి ఫోన్ కలిపాడు.

25 నిమిషాల్లో ఎల్లో బోర్డ్ ఎర్టిగా వాకిట్లో ఉంది. “ముందే చెప్తే అయిపోవు గద తమ్ముడూ” అన్నాడు ఆ అన్న. ఇంకేం మాట్లాడలేదు. హాలియా, పెద్దవూర, కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లి బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కాం. 12 లోపు టెర్మినల్ ముందు దిగాం. తమ్ముడు ఫ్లైట్ ఎక్కాడు.

సెకండ్ ఇన్నింగ్స్: అక్క వచ్చినప్పుడు

కొన్ని నెలల తర్వాత డల్లాస్ నుంచి అక్క, బావ, ఏడాది పాపతో వచ్చారు. ఈసారి బుకింగ్ నేను చేస్తానంటే ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అన్నకే ఫోన్ చేశాను. కానీ ఫోన్‌తో చేయాల్సిన పనులన్నీ పద్ధతిగా చేశాను. మీరూ ఊరి నుంచి ఎయిర్‌పోర్ట్ బండి మాట్లాడుతుంటే ఈ చెక్‌లిస్ట్ దగ్గర పెట్టుకోండి.

1. తేదీ రెండుసార్లు చూడండి

టికెట్ మీద 12వ తేదీ 01:30 అని ఉంటే, బండి ఎక్కాల్సింది 11వ తేదీ సాయంత్రం. 12 రాత్రికి బుక్ చేస్తే ఒక రోజు లేటైనట్టే. టికెట్ 24 గంటల లెక్కలో ఉంటుంది, కొన్ని క్యాబ్ యాప్‌లు ఏఎం, పీఎం అడుగుతాయి. ఫోన్ క్యాలెండర్‌లో ‘ఇంటి నుంచి బయల్దేరాలి’ అని వేరే ఈవెంట్ పెట్టుకోండి.

2. సీట్లు కాదు, డిక్కీ లెక్కపెట్టండి

ఇది చాలామంది మర్చిపోతారు. పెద్ద చెక్-ఇన్ సూట్‌కేస్ పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎర్టిగాలో మూడు వరుసలూ నిలబెడితే వెనక మిగిలే చోటు 209 లీటర్లే. ఏడుగురు ఎక్కితే అలాంటి పెట్టెలు రెండు పట్టించడం కూడా కష్టం. సెడాన్ అయితే సీఎన్‌జీ బండా కాదా అడగండి. సిలిండర్ ఉంటే డిక్కీలో సగం అదే తినేస్తుంది. క్యారియర్ ఉన్న బండి కావాలని ముందే చెప్పండి.

3. రేటు ఎలా లెక్కపెడతారో అడగండి

లోకల్ ట్యాక్సీలకి రాను పోను కిలోమీటర్లు లెక్క. చాలా చోట్ల రోజుకి కనీసం 250 లేదా 300 కిలోమీటర్ల ఛార్జీ ఉంటుంది. మా ఊరికి రాను పోను 300 కాబట్టి పెద్ద నష్టం లేదు. అసలు మెలిక వేరే ఉంది. కొందరు రోజుని క్యాలెండర్ ప్రకారం లెక్కేస్తారు. సాయంత్రం 7కి బయల్దేరి తెల్లారి 4కి తిరిగొస్తే అది రెండు రోజులు అంటారు. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా, వెయిటింగ్ ఎవరి ఖాతాలోనో కూడా ముందే మాట్లాడుకుని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టించుకోండి. తర్వాత గొడవ ఉండదు.

4. నంబర్ చేతికొచ్చాకే ‘కన్ఫర్మ్’

డ్రైవర్ పేరు, ఫోన్, బండి నంబర్. ఈ మూడూ కనీసం నాలుగు గంటల ముందు మీ చేతిలో ఉండాలి. యాప్‌లో బుక్ చేసినా ఇదే రూల్, రాకపోతే ప్లాన్ బి మొదలుపెట్టండి. నంబర్ రాగానే ఎంపరివాహన్‌లో కొట్టి వెహికల్ క్లాస్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు చూడండి. ప్లేట్ రంగు కూడా చాలా చెప్తుంది. పసుపు మీద నల్ల అక్షరాలు అంటే ట్యాక్సీ. నలుపు మీద పసుపు అక్షరాలు అంటే సెల్ఫ్ డ్రైవ్ రెంటల్. పచ్చ ప్లేట్ మీద పసుపు అక్షరాలు అంటే ఎలక్ట్రిక్ ట్యాక్సీ.

5. ఫ్లైట్‌ని మీరే ట్రాక్ చేయండి

విమానాలు తమ పొజిషన్‌ని 1090 మెగాహెర్ట్జ్ మీద రేడియో సిగ్నల్‌గా ఎప్పటికప్పుడు పంపుతుంటాయి. దీన్నే ఏడీఎస్-బీ అంటారు. కింద ఉన్న రిసీవర్లు పట్టుకున్న ఆ సిగ్నల్స్‌నే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లు మ్యాప్ మీద చూపిస్తాయి. సముద్రం మీద రిసీవర్లు అందవు కాబట్టి అక్కడ కనిపించే పొజిషన్ ఒక్కోసారి అంచనా మాత్రమే. కంగారు పడకండి. అక్క వాళ్ల ఫ్లైట్ దోహాలోనే గంటకు పైగా లేటైంది. అది చూసి అన్నని ఇంకాసేపు పడుకోమన్నాను. రాత్రంతా నడపాల్సిన మనిషికి ఆ గంట నిద్ర మన భద్రత కూడా.

ఇంకో మాట. విమానం దిగిన టైమూ బయటికొచ్చే టైమూ ఒకటి కాదు. ఇమ్మిగ్రేషన్, లగేజ్ బెల్ట్, కస్టమ్స్ దాటేసరికి అక్క వాళ్లకి గంటంబావు పట్టింది.

6. వచ్చేవాళ్ల ఫోన్ మీద ఆధారపడకండి

విదేశీ సిమ్‌కి రోమింగ్ లేకపోతే దిగగానే వాళ్లు ఆఫ్‌లైన్. అందుకే దోహాలో వైఫై ఉన్నప్పుడే బండి నంబర్, డ్రైవర్ ఫొటో, ఎక్కడ కలవాలో వాట్సాప్‌లో పెట్టేశాను. మీ యాప్ నుంచి వేరేవాళ్లకి బుక్ చేస్తే ఓటీపీ మీకే రావచ్చు, అది వాళ్లకి ఎలా చేరుతుందో ముందే ఆలోచించండి.

7. లైవ్ లొకేషన్, ఆఫ్‌లైన్ మ్యాప్

వాట్సాప్ లైవ్ లొకేషన్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఆప్షన్లు ఉంటాయి. 8 గంటలే పెట్టండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు బ్యాక్‌గ్రౌండ్‌లో లొకేషన్ ఆపేస్తాయి, అది ఆఫ్ చేయండి. దారిలో సిగ్నల్ పోతుంది కాబట్టి గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఏరియా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అత్యవసరమైతే 112.

8. కంగారులో కస్టమర్ కేర్ వెతకొద్దు

రైడ్ క్యాన్సిల్ అయిన ఆ సాయంత్రం నేనూ గూగుల్‌లో నంబర్ వెతికాను. ఒకడు ఎత్తి, రీఫండ్ కోసం స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నాడు. వెంటనే పెట్టేశాను. యాప్ లోపల ఉండే హెల్ప్ సెక్షన్ మాత్రమే వాడండి. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మరి యాప్ వేస్టా?

కాదు. శంషాబాద్‌లో దిగి కూకట్‌పల్లికో ఎల్బీనగర్‌కో వెళ్లాలంటే యాప్ బెస్ట్. అక్కడ బండ్లు ఎక్కువ, రేటు ముందే తెలుస్తుంది, ట్రిప్ షేర్ చేయొచ్చు. ఒక్కళ్లే, లగేజ్ తక్కువ అయితే మిర్యాలగూడలో సికింద్రాబాద్ రైలు ఎక్కి, అక్కడి నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సులో ఎయిర్‌పోర్ట్ చేరొచ్చు. చాలా చవక. కానీ ఊరి గుమ్మం నుంచి, నిండు లగేజ్‌తో, టైం తప్పితే టికెట్ పోయే ప్రయాణం అయితే నా ఓటు లోకల్ ఎల్లో బోర్డ్ బండికే. మా ఊళ్లో బండిని తెప్పించడానికి ఆ అన్న నంబర్ చాలు, స్మార్ట్‌ఫోన్ పనికొచ్చేది ఆ బండిని చెక్ చేయడానికి, ఫ్లైట్‌ని ట్రాక్ చేయడానికి.

అక్క వాళ్లు తెల్లారేసరికి ఇంటికి చేరారు. పాప అన్న భుజం మీదే నిద్రపోయింది. యూపీఐలో డబ్బులు పంపిస్తుంటే నాయిన పక్కన నిలబడి ఫోన్‌లోకి తొంగి చూశాడు.

“నంబర్ సేవ్ చేసుకున్నవా?” అన్నాడు.

చేసుకున్నాను నాయినా. ఫేవరెట్స్‌లో.