రొయ్యకు జ్వరమొస్తే

కార్తీకం దాటి చలి ముదిరిందంటే నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్న రైతులకు గుబులు పట్టుకుంటుంది. నీళ్లు చల్లబడితే తెల్లమచ్చల రోగం విరుచుకుపడుతుందని వాళ్లకు అనుభవం. 1994-95లో ఈ తీరంలో టైగర్ రొయ్యల సాగును ఊడ్చిపెట్టింది ఆ రోగాన్ని తెచ్చే వైరసే. 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చినా వదల్లేదు. చలికీ ఈ రోగానికీ ఉన్న లంకె తెలియాలంటే ముందు జ్వరమంటే ఏమిటో చూడాలి.

మనకూ, మన నెల్లూరు గొర్రెకూ ఒంట్లోనే పొయ్యి ఉంది. గొర్రె ఒంటివేడి మామూలుగా 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రోగక్రిమి చొరబడగానే తెల్లకణాలు వదిలే రసాయనాల కబురు మెదడుకు చేరుతుంది. అక్కడ పుట్టిన ప్రోస్టాగ్లాండిన్, ఒంటివేడిని కాపలా కాసే హైపోథలామస్ దగ్గర, ఎంత వేడి ఉండాలో చెప్పే గీతను పైకి జరుపుతుంది. ఒళ్లు ఆ గీతను అందుకునేదాకా చలే. అందుకే వణుకు, ముడుచుకోవడం, చర్మం వైపు రక్తం తగ్గడం. వడదెబ్బ అలాంటిది కాదు. అక్కడ గీత కదలదు, వేడే అదుపు తప్పుతుంది. రెంటినీ ఒకటే అనుకుంటే ప్రాణానికే ముప్పు.

మరి పొయ్యి లేని జీవుల సంగతి? 1970లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగ్వానాలకు బాక్టీరియా ఎక్కించింది. అవి మరింత వేడి చోటికి పాకి, ఒంటివేడిని సుమారు రెండు డిగ్రీలు పెంచుకున్నాయి. రోగం ఎక్కించిన బల్లులను 34 నుంచి 42 డిగ్రీల దాకా వేర్వేరు వేడిలో ఉంచితే, వెచ్చగా ఉన్నవే ఎక్కువగా బతికాయి. జ్వరం శత్రువు కాదని అంత సూటిగా చెప్పిన ప్రయోగం నాకు మరొకటి కనబడలేదు.

రొయ్యదీ అదే దారి. వేర్వేరు వేడి ఉన్న తొట్లను కలిపి, తెల్లమచ్చల వైరస్ సోకిన వనామిని వదిలితే, వెచ్చటి నీళ్ల వైపు ఈదుకెళ్లాయి, ప్రాణం దక్కించుకున్నాయి. 32-33 డిగ్రీల నీటిలో ఆ వైరస్ పెరుగుదల బాగా మందగిస్తుంది.

గుంటలో మాత్రం రొయ్య ఎక్కడికి పోతుంది? రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూ నీళ్లను కలిపేస్తాయి. ఈ మూల నుంచి ఆ మూలకు ఈదినా దాదాపు అదే చల్లదనం. అలాగని ఎకరాల కొద్దీ నీళ్లను కాచలేం. పైగా వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, రొయ్యకేమో ఎక్కువ కావాలి. చలి విషయంలో రైతు చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు: చలి పోయాక పిల్ల వదలడం, గుంటలో లోతు ఉంచి తెల్లవారుజామున నీళ్లు ఒక్కసారిగా చల్లబడకుండా చూసుకోవడం.