'బెనిఫిషియల్' అంటే లాభమా, మేలా?

'బెనిఫిషియల్' అనే ఆంగ్ల విశేషణం ఔషధ ప్రకటనలలోను, ప్రభుత్వ పథకాల వివరణలలోను, ధార్మిక గ్రంథాల అనువాదాలలోను తరచు ఎదురవుతూ ఉంటుంది. లాటిన్ భాషలో 'బెనె' అనగా మంచిగా, 'ఫాకెరె' అనగా చేయుట. ఆ రెండూ కలిసిన మూలం నుండి ఈ మాట పుట్టింది. మంచి చేసేది అని దాని తొలి అర్థం. అయితే తెలుగు అనువాదకులలో పలువురు దీనికి ఆలోచించకుండా 'లాభదాయకం' అని వ్రాసి ముందుకు సాగిపోతారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఆంగ్లంలోనే దీని పర్యాయపదాలు ఒకదానికొకటి సరిసమానం కావు. 'ప్రాఫిటబుల్' అన్నప్పుడు డబ్బు లెక్క ముందుకు వస్తుంది. 'అడ్వాంటేజియస్' అన్నప్పుడు ఇతరులకంటే ముందు నిలిచే వీలు కనిపిస్తుంది. ఒకరు ముందుంటే మరొకరు వెనుకబడి ఉంటారు కదా! 'యూజ్‌ఫుల్' అనేది పనికివచ్చే వస్తువుకు చెల్లుతుంది. 'హోల్‌సమ్' ఆహారానికీ, నడవడికీ తగిన మాట. 'సాల్యుటరీ' ఆరోగ్యమనే అర్థంగల లాటిన్ మాట నుండి వచ్చింది. మింగుడుపడకపోయినా మేలుచేసే మందుకు, మందలింపుకు అది సరిపోతుంది. తెలుగులో దానికి దగ్గరి మాట 'హితం'. హితవు చెప్పేవాని మాట చెవికి ఇంపుగా ఉండనక్కరలేదు.

తెలుగు మాటలలోని తేడాలను మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు వస్తువులతోనే చూడవచ్చును. ఈ తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. కొండలూ, మెట్టభూములూ, నీటి ఎద్దడీ ఈ సీమకు పాతవి. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు 'ప్రయోజనం' ఈ మెట్టకు కృష్ణా జలాలను చేర్చడం. ప్రయోజనం అనగా ఉద్దేశించిన ఫలం. నీరు కాలువలో పారి చేనుకు అందినప్పుడు గాని అది 'ఉపయోగం' కాదు. నల్లమల సొరంగాల తవ్వకానికే దశాబ్దాలు పట్టినందున, ఈ రెండు మాటల నడుమ ఎంత దూరం ఉండగలదో అక్కడి రైతుకు వేరే నిఘంటువు చెప్పనక్కరలేదు.

ఇక మార్కాపురం పలక. చెక్క చట్రంలో బిగించిన ఆ నల్లని పలకపై బలపంతో అక్షరాలు దిద్దిన తరాలెన్నో. పిల్లవానికి అది ఉపయోగకరం, వర్తకునికి లాభదాయకం. కాని రాతిని కోసి, చెక్కి, నునుపు చేసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చిన వాని ఊపిరితిత్తులకు సిలికోసిస్ పట్టగలదు. పట్టిన తరువాత దానిని పూర్తిగా నయంచేసే మందు లేదు. తడిపి కోయడం, దుమ్మును లాగివేసే యంత్రాలు పెట్టడం వంటి జాగ్రత్తలే దిక్కు. ఒకే పలకను గురించి 'లాభదాయకం' అన్నవాడు అబద్ధమాడలేదు. ఎవరికి అన్నది మాత్రం చెప్పలేదు.

అరబీలో ఈ భావానికి మూలధాతువు 'నఫ్‌అ'. మన్‌ఫఅత్, నాఫిఅ అనే మాటలు దాని నుండి వచ్చినవే. ఉర్దూలో వాడే ముఫీద్, ఫాయిదా వేరొక ధాతువుకు చెందినవి. నఫ్‌అకు ఎదురుమాట 'జరర్', అనగా హాని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం దివ్యఖుర్‌ఆన్ నేర్పిన పద్ధతి. అల్ బఖర సూరా 219వ ఆయతు మద్యాన్ని, జూదాన్ని గురించి చెబుతూ, వాటిలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని కాదనలేదు. వాటిలోని పాపం ఆ ప్రయోజనాలకంటే పెద్దదని తేల్చింది. కనుక ఒక వస్తువులో 'నఫ్‌అ' ఉన్నంత మాత్రాన అది మేలైనదని తీర్పు కాదు. ఫిఖ్‌హ్ పండితులు సైతం మేలును రాబట్టడంకంటే కీడును తొలగించడానికే ముందు స్థానమిచ్చారు. ఇమామ్ గజాలీ 'అల్ ముస్తస్ఫా'లో 'మస్లహత్'ను ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం అనే ఐదింటి రక్షణగా నిర్వచించారు. ఆ ఐదింటిలో ధనం ఒకటి మాత్రమే. 'లాభదాయకం' అనే అనువాదం మిగిలిన నాల్గింటినీ మింగివేస్తుంది.

అర్‌రఅద్ సూరా 17వ ఆయతులో వరదనీటి ఉపమానం ఉంది. పైన తేలిన నురుగు ఎగిరిపోతుంది, ప్రజలకు మేలుచేసేది నేలలో నిలుస్తుంది అని దాని భావం. కంభం చెరువును ఎరిగినవారికి ఈ ఉపమానం కండ్లకు కట్టినట్లుంటుంది. విజయనగర కాలంలో రెండు కొండల నడుమ కట్టవేసి, గుండ్లకమ్మ, జంపలేరుల నీటిని నిలిపిన చెరువు అది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. వానలు కురిసిన ఏడు అది నిండుతుంది, చుట్టూ బావులలో నీరూ పెరుగుతుంది. ఇటువంటిదానికి తెలుగులో 'మేలు' అన్న మాటే తగినది.

నీటి విషయమే మరికొంత చెప్పవలసి ఉంది. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) మరణించిన తన తల్లి పేర ఏ దానం శ్రేష్ఠమని అడుగగా, మహాప్రవక్త (స) నీరు అని సెలవిచ్చారనీ, ఆయన బావి త్రవ్వించారనీ అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఈనాడు తల్లిదండ్రుల పేర బోరు వేయించే ధర్మాత్ములకు అదే ఆదర్శం. అయితే పశ్చిమ ప్రకాశంలోని పలు గ్రామాలలో భూగర్భ జలంలో ఫ్లోరైడు మితిమీరి ఉంటుంది. రాతిపొరల నుండి కరిగి నీటిలో చేరే ఈ పదార్థం స్వల్ప పరిమాణంలో పండ్లకు మేలే. అది ఎక్కువైతే పండ్లు గారపడతాయి, ఏళ్లు గడిచిన కొద్దీ కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగిపోతాయి. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు సమ్మతం, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. నీరు కంటికి తేటగానే ఉంటుంది. కాచితే క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని పాలు పెరుగుతుంది కూడా.

ఇట్టి చోట బోరు వేయించి, నీరు పడగానే పుణ్యం సమకూరిందని వెనుదిరగడం తొందరపాటు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఒక సీసా నీటిని పరీక్ష చేయించితే ఫ్లోరైడు ఎంత ఉన్నదీ తెలుస్తుంది. పరిమితి మించినచో ఆ బోరు మీద త్రాగరాదని స్పష్టంగా వ్రాయించి, స్నానానికీ బట్టలకూ వాడుకోనివ్వవచ్చును. త్రాగడానికి పటిక, సున్నాలతో ఫ్లోరైడును తేర్చే నల్లగొండ పద్ధతి ఉంది, ఇంటి కప్పుపై పడిన వాననీటిని తొట్టిలో పట్టే మార్గమూ ఉంది. దాత వద్ద ఉన్న సొమ్ము ఒక్క బోరుకే సరిపోయేటట్లయితే, ఫ్లోరైడు ఊరిలో దానికి బదులు వాననీటి తొట్టి కట్టించడమే సఅద్ (రజి) త్రవ్వించిన బావికి దగ్గరి పని.